కొండ దిగి నీటి అంచుకు: మీడియం వేవ్ వేట

ఎత్తెక్కితే ఎక్కువ స్టేషన్లు దొరుకుతాయన్నది ఎఫ్‌ఎం బుద్ధి. నేను వెతుకుతున్నది మీడియం వేవ్, అంటే ఏఎం రేడియో బ్యాండ్, మీద దూరపు స్టేషన్లని. అయినా చూద్దామని ముందు కొండెక్కాను. ట్రాన్సిస్టర్‌ని రెండు స్టేషన్ల మధ్య ఖాళీలో పెట్టి నడిస్తే చోటు ఎలాంటిదో తెలిసిపోతుంది. కొండ మీద కరెంటు తీగల కింద ఒకటే బుర్రుమనే మోత. వంద మీటర్లు పక్కకి జరిగితే తగ్గింది కానీ, కింద వినపడని స్టేషన్ ఒక్కటీ కొత్తగా రాలేదు. మీడియం వేవ్‌కి ఎత్తుతో పెద్దగా పని లేదు. దానికి కావాల్సింది విద్యుత్తు బాగా పారే నేల, మోత లేని చోటు.

అందుకే సముద్రం. ఉప్పునీరు పొడి నేలకన్నా వేల రెట్లు ఎక్కువ విద్యుత్తును పోనిస్తుంది, అందుకని నీటి మీదుగా వచ్చే తరంగం చాలా తక్కువ నష్టపోతుంది. దూరం నుంచి ఆకాశపు అంచున తక్కువ కోణంలో దిగే సంకేతాలకూ ఇదే మేలు. 1000 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 300 మీటర్లు. ఒడ్డు నుంచి ఒకటి రెండు తరంగాల దూరం వెనక్కొస్తే ఆ లాభం కరిగిపోతుంటుంది. అలలకి వీలైనంత దగ్గరగా కూర్చున్నాను.

60 సెంటీమీటర్ల చదరపు చెక్క చట్రం, 12 చుట్ల తీగ, 365 పికోఫారడ్ గ్యాంగ్ కండెన్సర్ (తిప్పి స్టేషన్‌కి సరిచేసే రేకుల భాగం): ఏరియల్ అంతే. డయల్‌లో ఎక్కువ కిలోహెర్ట్జ్ కొస అందకపోతే ఒక చుట్టు తీసేయాలి, తక్కువ కొస అందకపోతే ఒకటి కలపాలి. రేడియోకి తీగ కలపనక్కర్లేదు. రేడియో లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ చట్రానికి అడ్డంగా గుచ్చుకున్నట్టు ఉండేలా పక్కన పెట్టి, గొంతు పొంగేదాకా కండెన్సర్ తిప్పాలి. పవర్ బ్యాంక్ మాత్రం వద్దు, అదే గరగర పుట్టిస్తుంది. మామూలు సెల్స్ చాలు.

సాయంత్రం నీటి మీదుగా వచ్చేవే వినపడ్డాయి. పగలు ఆకాశంలోని డి పొర మిగతావాటిని మింగేస్తుంది, చీకటి పడితే అది కరిగిపోతుంది. పొద్దు వాలుతుంటే ముందు తూర్పువి లేచాయి, అటు అప్పటికే చీకటి కాబట్టి. ఒకే చోట రెండు గొంతులు కలిస్తే కడ్డీ కొసని బలమైనదాని వైపు తిప్పాలి, అది అణిగిపోతుంది. రాత్రి తరంగం పైనుంచి దిగుతుంది గనక రేడియోని కాస్త వంచితేనే పూర్తిగా అణిగేది.

1521 కిలోహెర్ట్జ్ మీద సన్నగా ఈల వినపడితే వదలొద్దు. అమెరికా ఖండాల్లో స్టేషన్లు 10 కిలోహెర్ట్జ్ ఎడంతో, మిగతా లోకంలో దాదాపు అంతటా 9 ఎడంతో ఉంటాయి. 1520, 1521 ఢీకొంటే 1 కిలోహెర్ట్జ్ ఈల వస్తుంది. అంటే అవతలి ఖండం నుంచి ఏదో చేరుతోందన్నమాట, గొంతు ఇంకా తేలకపోయినా.

అర్ధరాత్రికి ఉప్పు తేమ కండెన్సర్ రేకుల మధ్య చేరి, తిప్పినప్పుడల్లా చిటపట. పొడి గుడ్డతో తుడిచి, పైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించాక సర్దుకుంది. తెల్లవారేటప్పుడు తూర్పువి ముందు పోయాయి, పడమటి స్టేషన్లు చివరిదాకా నిలిచాయి, అటు ఇంకా చీకటి కాబట్టి. ఎండ ముదిరాక మళ్ళీ నీటి మీదుగా వచ్చేవే మిగిలాయి.