నల్లతుమ్మ దుంగతో టేబుల్ ల్యాంప్: లేత్ మీద ఇప్పటిదాకా జరిగిన పని

లేత్ (చెక్కని గుండ్రంగా తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం) మీద ల్యాంప్ కాండం పూర్తయింది, అడుగు దిమ్మకి పాలిష్ ఒక్కటే మిగిలింది. అందుకే ఇప్పటిదాకా చేసింది రాసి పెడుతున్నా, ఇక్కడ ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుంది. ల్యాంప్ అనగానే చాలామంది ముందు ఆకారం గీసుకుంటారు. నేను మాత్రం ముందు వైరు పోయే బెజ్జం సంగతి తేల్చుకోమంటాను. బెజ్జం పడ్డాక దాన్నే కేంద్రంగా పెట్టుకుని బయటి చెక్కని తిప్పి చెక్కితే ఏ ఆకారమైనా సరిగ్గా కుదురుతుంది. ముందు అందంగా చెక్కేసి తర్వాత బెజ్జం వేద్దామంటే అది పక్కకి పోయిందంటే అంతే, చేసిన పనంతా వృథా.

కలప నల్లతుమ్మ. పులివెందుల వైపు బంధువుల ఇంట్లో వాడకం మానేసిన ఎద్దులబండి ఉంటే అందులోంచి ఒక దుంగ అడిగి తెచ్చుకున్నా. మావైపు బండి చక్రాలకీ నాగళ్లకీ తుమ్మ వాడేవాళ్లంటే దాని గట్టిదనం అర్థం చేసుకోవచ్చు. ఏళ్ల తరబడి నీడలో ఆరింది కాబట్టి తేమ గురించి టెన్షన్ లేదు. పచ్చి దుంగ దొరికితే మాత్రం కోసిన రోజే రెండు చివరలకీ మైనం గానీ ఫెవికాల్ గానీ దట్టంగా పూసి నీడలో పెట్టాలి, కడప ఎండకి చివరలు ఇట్టే బీటలు వారతాయి. పాత బండి కలపలో మేకులుంటాయి, ఉలి తగిలితే అంచు పోతుంది, ముక్క ఎగిరితే కంటికి ప్రమాదం. అయస్కాంతంతో వెతకాలి, లోతుగా ఉన్నవి దానికి అందకపోయినా నల్లటి మచ్చ కనిపించిన చోట ఇనుము ఉందనే అనుకోవాలి. తుమ్మలో టానిన్ (వగరు పదార్థం) ఎక్కువ, ఇనుము, తడి రెండూ తగిలితే చెక్క నల్లబడుతుంది. ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లలో కలిపి పూస్తే ఆ మచ్చ చాలావరకు పోతుంది, గ్లౌజులు తప్పనిసరి. ఇదే కారణంగా తుమ్మ మీద స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) వాడను.

కడప అనగానే ఎర్రచందనంతో చేయొచ్చుగా అని అడుగుతున్నారు. శేషాచలం కొండల్లో పెరిగే ఆ చెట్టు అంతరించే ప్రమాదంలో ఉంది, అనుమతి లేకుండా చిన్న ముక్క దగ్గర పెట్టుకున్నా కేసే. ఎవరో ఇస్తామన్నా వద్దు. తుమ్మ చేవ రంగు కూడా ఎర్రటి గోధుమ రంగే, పాలిష్ పడ్డాక చాలా బాగుంటుంది.

ఇక బెజ్జం. ముక్క కొలత 100 మిల్లీమీటర్ల చదరం, 300 పొడవు. ముందు గుండ్రంగా చేసుకుని, ఒక చివర చక్‌లో (ముక్కని పట్టుకుని తిప్పే బిగింపు) బిగించి, టెయిల్‌స్టాక్‌లో (ఎదురు చివర తిరగకుండా ఉండే భాగం) 8 మిల్లీమీటర్ల పొడవాటి డ్రిల్ బిట్ పెట్టి, 400 ఆర్‌పీఎం (నిమిషానికి 400 చుట్లు) చుట్టుపక్కల నెమ్మదిగా తోశాను. చెక్క తిరుగుతూ బిట్ కదలకుండా ఉంటే అది మధ్యలోనే పోయే అవకాశం ఎక్కువ, చేతి డ్రిల్లుతో ఇంత లోతు తిన్నగా రాదు. ప్రతి రెండు సెంటీమీటర్లకీ బిట్ బయటికి లాగి పొట్టు దులపాలి, లేకపోతే పొట్టు బిగుసుకుని వేడెక్కి బిట్ పక్కకి జరుగుతుంది. సగం దాకా వెళ్లాక ముక్కని తిప్పి బిగించి రెండో వైపు నుంచి వేయాలి. మధ్యలో రెండూ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ కలిసినా పర్వాలేదు, వైరు పోతుంది. పైచివర మాత్రం బల్బు హోల్డర్ గొట్టం కూర్చోవడానికి 10 మిల్లీమీటర్లకి వెడల్పు చేశా. తర్వాత టెయిల్‌స్టాక్‌కి శంఖం ఆకారపు సెంటర్ పెట్టి, దాని మొన బెజ్జంలో కూర్చునేలా బిగించి, పైచెక్కని మళ్లీ ఒకసారి సాపు చేస్తే బెజ్జమూ బయటి గుండ్రమూ ఒకే కేంద్రానికి వస్తాయి. నాకు ఈ మొత్తం పనిలో బాగా తృప్తినిచ్చింది ఇదే.

ఆకారం ఎక్కువ సాగదీయలేదు. కింద లావుగా, పైకి సన్నబడుతూ, మెడ దగ్గర ఒక పూస, దాని కింద గాడి. మొదట 700 ఆర్‌పీఎం, గుండ్రం కుదిరాక 1500. తుమ్మ ఉలి పదును త్వరగా తినేస్తుంది, పొట్టు చుట్టలుగా రాకుండా పొడిగా రాలుతోందంటే సానపట్టే టైమ్ వచ్చినట్టే. పూస తిప్పేటప్పుడు పై నుంచి కిందికే, అంటే లావు నుంచి సన్నానికే కోయాలి, ఎదురు వెళ్తే నార లేస్తుంది. మొహానికి షీల్డు, ముక్కుకి మాస్కు లేకుండా తుమ్మ దుమ్ములో పనిచేయొద్దు.

అడుగు దిమ్మ 18 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల మందం. బరువు కోసం కింద గుంట తీసి కడప బండ అమర్చా. ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చే ఈ నల్ల సున్నపురాయి మన ఇళ్లలో అరుగులకీ అల్మరా అరలకీ వాడేదే. 15 సెంటీమీటర్ల గుండ్రం, 2 సెంటీమీటర్ల మందంతో బండలు కోసేవాళ్ల దగ్గర కోయిస్తే దాదాపు కిలో తూగింది, ఇక ల్యాంప్ ఒరగదు. రాయి పెరగదు తగ్గదు, చెక్క మాత్రం వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంచించుకుపోతుంది. అందుకే చుట్టూ రెండు మిల్లీమీటర్ల సందు వదిలి, గట్టిపడే జిగురు బదులు సిలికాన్‌తో అతికించా. వైరు బయటికి రావడానికి రాయికీ చెక్కకీ మధ్య చిన్న కాలువ, పక్కన బెజ్జం.

ఉప్పుకాగితం 120, 180, 240, 320, 400 వరుసలో పట్టా. ఒక్కో నంబరు అయ్యాక లేత్ ఆపి, నార వెంబడి చేత్తో రుద్ది దుమ్ము తుడిస్తే అడ్డగీతలు మిగలవు. పాలిష్‌కి లక్క రేకులు: అర లీటరు స్పిరిట్‌లో 100 గ్రాములు, రాత్రంతా నానబెట్టి వడకట్టాలి. ఏటికొప్పాక కళాకారులు తిరుగుతున్న అంకుడు కర్ర మీద లక్కనే అద్ది, రాపిడి వేడికి కరిగించి, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అంకుడు మెత్తటి సన్న నార చెక్క. తుమ్మలో రంధ్రాలు పెద్దవి కాబట్టి నేను స్పిరిట్ లక్కే ఎంచుకుని పలుచగా పొరలు వేశా. మధ్యాహ్నం ఎండలో స్పిరిట్ పూస్తుండగానే ఆరిపోయి చారలు పడతాయి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పూయాలి. తిరిగే చెక్క మీద పూయడానికి బట్ట వేలికి చుట్టుకోవద్దు, చుట్టుకుంటే వేలిని కూడా లాగేస్తుంది. టిష్యూ పేపర్ అయితే చిరిగిపోతుంది, క్షేమం. చివర కొంచెం తేనెమైనం.

షేడ్ ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో చేయించాలనుకుంటున్నా. తోలుబొమ్మల కళాకారులు మేకతోలు మీద రంగులు వేసి ల్యాంప్ షేడ్లు కూడా చేస్తారు, లోపల దీపం వెలిగితే ఆ రంగులే బయటికి వస్తాయి. తోలుకి వేడి పడదు కాబట్టి 7 వాట్ల ఎల్ఈడీ మించి పెట్టను. హోల్డర్ ఇత్తడిది, అందుకే 0.75 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల వైరు, ఎర్త్ తీగ హోల్డర్ లోహానికే బిగించాలి. దిమ్మ లోపల వైరుకి బిగింపు క్లిప్ పెడితే ఎవరైనా లాగినా ఆ బలం హోల్డర్ మీద పడదు. షేడ్ రింగు కొలత హోల్డర్ చేతికొచ్చాక తీసి పంపాలి.