నా అనుభవం: కదిలిన మెట్టు మీద శంకరాభరణం

వీణ ఉపాధ్యాయురాలిగా ఉద్యోగంలో చేరి నేటికి వారమైంది. ధ్రువపత్రాల పరిశీలన ఒక్క పూటలో ముగిసింది. 4 ఏళ్ల సర్టిఫికెట్టు, 2 ఏళ్ల డిప్లొమా రెండూ ఉన్నవారికి అక్కడ చిక్కేమీ ఉండదు. నన్ను ఏడిపించింది వాద్య పరీక్ష.

"మా దగ్గర వీణ ఉందమ్మా, మీది మోసుకురానక్కరలేదు" అని కార్యాలయం వారు ఫోనులో చెప్పిన మాట నమ్మి, గొల్లపల్లిలో ఒకే పనస దుంగతో చేయించుకున్న నా బొబ్బిలి వీణను ఇంట్లోనే ఉంచి వెళ్లాను. అక్కడ నా ముందు పెట్టినది ఎండపొడ తగిలే కిటికీ పక్కన పడి ఉన్న వీణ. వేలు పెట్టి స్వరం పలికించే మెట్లు మైనంలో నిలబెట్టి ఉంటాయి; ఆ మైనం మెత్తబడి మెట్లు కదిలాయి. తంతులను శ్రుతి చేశాను గానీ, తంతిని బిగించే బిరడా తిప్పినంత మాత్రాన చెడిన మేళం, అంటే మెట్ల అమరిక, బాగుపడదు. ప్రధాన తంతి అయిన సారణి మీద అంతర గాంధారం (హెచ్చు స్థాయి 'గ' స్వరం) మెట్టు, తంతులు ఆనే గుర్రం వైపు జరిగి, స్వరం హెచ్చుగా పలికింది. ఆ మాటే విన్నవించాను. "శ్రుతి చేసుకోవడం చేతకాక వీణకు వంక పెడుతున్నారా?" అంటూ పరీక్షకులలో ఒకాయన పక్కవారిని చూసి నవ్వారు. 20 ఏళ్లుగా పిల్లలకు వీణ పాఠాలు చెబుతున్నదాన్ని. అవమానంతో ముఖం జేవురించింది. పైగా వాయించమన్నది ఆ స్వరం ఉన్న శంకరాభరణం రాగం. తోడి రాగం అడిగి ఉంటే ఆ మెట్టుతో పనే ఉండేది కాదు.

వీణ మీద తంతిని పక్కకు లాగి స్వరాన్ని పెంచగలం గానీ, మెట్టు పలికే స్థాయికన్నా దించలేం. అందుకే ఆ మెట్టును పూర్తిగా వదిలి, ప్రతి అంతర గాంధారాన్నీ దాని వెనుకనున్న సాధారణ గాంధారం (తక్కువ స్థాయి 'గ') మెట్టు మీద తంతిని లాగి పలికించాను. ఆలాపన ముగిసేసరికి ఎడమచేతి వేలి కొస కోసుకుపోయింది. అంతవరకూ మౌనంగా ఉన్న పెద్దాయన లేచి వచ్చి, నేను వదిలేసిన మెట్టు మీద తానే మీటి విన్నారు. నవ్విన వ్యక్తి తల దించుకుని మార్కుల కాగితం అందుకున్నారు. అలా వాయించగలిగినందుకు నేను గర్వపడుతున్నాను, దాచుకోను.

పరీక్షకు వెళ్లేవారు ఎంత బరువైనా సొంత వీణనే తీసుకువెళ్లండి. ఫోనులో చెప్పే మాటను నమ్మకండి. సంగీతం నేర్పే చోట మేళం కట్టించడానికి డబ్బు లేదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

చేరిన మూడో రోజే మేళం కట్టే ఆయనను పిలిపించాను. పాత మైనం తొలగించి, బొగ్గుపొడి కలిపిన కొత్త మైనంలో 24 మెట్లనూ ఒక్కొక్కటిగా నిలబెడుతుంటే, నేను పక్కన కూర్చుని ప్రతి స్వరాన్నీ మీటి సరిచూశాను. నిన్న ఒక చిన్నపిల్ల అదే వీణ మీద మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు మొదలుపెట్టింది. అందులోనూ అంతర గాంధారమే. ఆ మెట్టు మీద వేలు పెట్టి మీటింది, సరిగ్గా పలికింది.