అమ్మమ్మగారి పెంకుటింటి కప్పు పని: చూరు నుంచి నడికొప్పు దాకా

మార్చి 9, 2024, శనివారం

శివరాత్రి జాగారం చేసిన కళ్ళతోనే పొద్దున్న ఆరున్నరకి నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను. రావులపాలెం దగ్గర మా అమ్మమ్మ ఉండే ఇల్లు ఇది. ముందు వసారా, వరసగా మూడు గదులు, వెనక వంటిల్లు, పైన బెంగుళూరు పెంకు. 2018 డిసెంబరులో పెథాయ్ తుఫానుకి పెంకులు లేచిపోయి ఇల్లంతా కారింది. అప్పుడు మావయ్య పెంకు మొత్తం దింపించి, వాసాల మీద నల్ల బరకం పరిపించి, దాని మీద మళ్ళీ పెంకు నేయించాడు. గదుల్లో పీవీసీ సీలింగ్ కొట్టించాడు. చూరు దగ్గర గోడకీ పెంకుకీ మధ్య ఉన్న సందుల్లోంచి ఎలకలు వస్తున్నాయని వాటినీ సిమెంటుతో పూడ్పించాడు. కారడం ఆగింది. కానీ ఆ మరుసటి ఎండాకాలం నుంచి గదుల్లో పడుకోలేకపోతున్నారు. మధ్యాహ్నం అయ్యేసరికి అమ్మమ్మ మంచం వసారాలోకి లాక్కుంటోంది. ఎనభై రెండేళ్ళ మనిషి అలా మంచం ఈడ్చుకుంటుంటే చూడలేక ఈ పని మొదలుపెట్టాను. శని, ఆదివారాలు మాత్రమే నాకు వీలు.

అటక మీద టార్చి వేసి చూస్తే బరకం అడుగున చెమట పట్టి ఉంది. వేలితో రాస్తే చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి జారి, వాసం మీద పడి ఇంకిపోతున్నాయి. బరకం ఆనుకున్న చోట వాసం పైభాగం నల్లబడి మెత్తగా ఉంది. మేకు పెట్టి బొటనవేలితో నొక్కితే అంగుళం దిగింది. అక్కడి నుంచి పాక్కుంటూ వంటింటి మీదకి వెళ్ళాను. బరకం చాలక అక్కడ వేయలేదట. పాత కట్టెల పొయ్యి పొగకి మసిబారిన తాటి వాసాలు ఇనుములా ఉన్నాయి, మేకు మొనైనా దిగలేదు. ఒకే రోజు ఎక్కించిన వాసాలవి. ఒకవైపు కుళ్ళు, ఒకవైపు చేవ. నాకు ఇంక వేరే రుజువు అక్కర్లేకపోయింది.

మార్చి 16

ఈ పెంకు గురించి కాస్త చెప్పాలి. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మంగళూరులో మొదలుపెట్టిన కార్ఖానాతో ఈ రకం పెంకు మన దేశంలో పాకింది. మనవైపు బెంగుళూరు పెంకు అంటాం కానీ పుట్టింది మంగళూరులో. దీని గొప్పంతా అంచుల గాడుల్లో ఉంది. పక్క పెంకు గాడిలో ఇది కూర్చుంటుంది తప్ప అతుక్కోదు. వాన లోపలికి రాదు, లోపలి వేడిగాలి మాత్రం వెయ్యి సన్నని సందుల్లోంచి బయటికి పోతుంది. కింద బరకం పరిస్తే ఆ వెయ్యి దారులూ ఒక్కసారి మూసుకుపోతాయి. మావయ్య తప్పని అనను. ఇంట్లో నీళ్ళు కారుతుంటే ఎవరైనా ముందు ఆ నీళ్ళనే ఆపుతారు.

ఈ రోజు కొలతలు తీశాను. గోడల మధ్య కప్పు కింద స్థలం 30 అడుగులకి 20 అడుగులు, అంటే 600 చదరపు అడుగులు. చూరు గోడ బయటికి రెండేసి అడుగులు. చూరు నుంచి నడికొప్పు (పైన రెండు వాలులూ కలిసే చోటు) ఎత్తు 7 అడుగులు, వాలు పొడవు 14 అడుగులకి కాస్త తక్కువ. రెండు వాలులూ కలిపి సుమారు 890 చదరపు అడుగుల కప్పు, 1,240 పెంకులు.

ఇక గాలి దారులు ఎంత ఉండాలన్న లెక్క. అమెరికాలో ఇళ్ళ నిర్మాణానికి వాడే కోడ్‌లో అటక నేల వైశాల్యంలో 150వ వంతు ఖాళీ ఉండాలని ఉంది. కొన్ని షరతులు తీరితే 300వ వంతు చాలు. మన ఎండకి నేను 150నే పట్టుకున్నాను. 600ని 150తో భాగిస్తే 4 చదరపు అడుగులు. అందులో సగం కింద చూరు దగ్గర, సగం పైన కొప్పు దగ్గర ఉండాలి. వేడిగాలి పైకి లేచి పోవాలంటే కింది నుంచి చల్లగాలి దూరాలి కదా. కింద దారి లేకుండా పైన ఎన్ని కన్నాలు పెట్టినా పని జరగదు. ఇది మా ఊళ్ళో చాలామంది మర్చిపోతున్నారు. కొప్పు మీద తిరిగే ఫ్యాను పెట్టించి చూరు బిగించేస్తున్నారు.

ఏప్రిల్ 20

పని మొదలుపెట్టే ముందు వేడి ఎంతుందో రాసి పెట్టుకోవాలని వారం వారం కొలుస్తున్నాను. ఇవాళ మధ్యాహ్నం రెండున్నరకి బయట నీడలో 40 డిగ్రీలు, అటకలో 52, సీలింగ్ అడుగు 41.5, గది గాలి 38.5. రాత్రి పదింటికి బయట 31కి దిగినా అటకలో ఇంకా 39. అమ్మమ్మకి నిద్ర పట్టకపోవడానికి కారణం ఈ రాత్రి అంకెలోనే ఉంది. పొద్దంతా కాగిన సీలింగ్ రాత్రి పొడుగునా తల మీదకి సెగ వదులుతోంది.

వడ్రంగి తాతగారు వచ్చి అటక చూశారు. ఈ ఇంటికి మొదట్లో రీపర్లు (వాసాల మీద అడ్డంగా కొట్టి పెంకుని నిలిపే కర్రలు) కొట్టింది వాళ్ళ నాన్నగారే.

"ఇంటికి దుప్పటి కప్పి ఊపిరాడకుండా చేశారు బాబూ. తీసెయ్యాల్సిందే."

"మళ్ళీ కారితే ఎలా తాతగారూ?"

"కారేది పెంకు వల్ల కాదు బాబూ. రీపరు వంగితే పెంకు లేస్తుంది, లేస్తే కారుతుంది. కర్ర సరిచేస్తే పెంకు తన పని తను చేసుకుంటుంది."

సిమెంటు రేకులు వేసేయమని సలహా ఇచ్చినవాళ్ళు నలుగురైనా ఉంటారు. ఆ మాట నేను చెవిన పెట్టలేదు.

ఏప్రిల్ 27, 28

తూర్పు వాలు విప్పాం. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకే కప్పు మీద ఉండాలని నియమం పెట్టుకున్నాం. తర్వాత పెంకు మీద చెయ్యి ఆనదు. పెంకు మీద నేరుగా అడుగు వేయకుండా కొప్పు నుంచి వేలాడేసిన వెదురు నిచ్చెన మీదే నడిచాం, నడుముకి తాడు. తప్పక పెంకు మీద కాలు పెట్టాల్సి వస్తే కింద రీపరు ఉన్న చోట, అంటే పెంకు మీద పెంకు ఎక్కిన దగ్గర పెట్టాలి. నడిమధ్య పెడితే విరుగుతుంది.

దింపిన ప్రతి పెంకునీ వేలి కణుపుతో కొట్టి చూశాం. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్టు. పాచి పట్టినవాటిని కొబ్బరి పీచుతో తోమి ఎండబెట్టాం. ఒక పెంకు తిరగేసి కడుగుతుంటే అడుగున అచ్చు అక్షరాల పక్కన నాలుగు వేళ్ళ గుర్తులు కనిపించాయి. పచ్చి మట్టి మీద ఎవరో ఎత్తి పెట్టినప్పుడు పడ్డవి. నా వేళ్ళు వాటిలో పెడితే సరిపోలేదు, చిన్న చేతులు. దాన్ని మాత్రం వసారా మీద, ఎప్పుడైనా తీసి చూసుకునే చోట వేయించాను.

రెండు వాలులకీ కలిపి 170 పెంకులు పనికిరాలేదు. పాత ఇల్లు పడగొట్టిన చోట 200 కొన్నాను, ఒక్కోటి 15 రూపాయలు. పాతవి కొనేటప్పుడు మీ పెంకు ఒకటి చేతిలో పట్టుకెళ్ళండి. కార్ఖానాని బట్టి గాడుల కొలత మారుతుంది, పక్కపక్కన కూర్చోకపోతే అంతా వృథా. రీపర్ల ఎడం కూడా పుస్తకం చూసి కొట్టకూడదు. ఆరు పెంకులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి నేల మీద పరిచి కొలిస్తే మాకు ఒక్కో పెంకుకి 12 అంగుళాలన్నర వచ్చింది. తాతగారు ఆ కొలతకి ఒక కర్ర కోసుకుని, దాన్నే ఆనించుకుంటూ కింది నుంచి పైదాకా కొట్టుకుపోయారు.

ఏడు వాసాలు మార్చాం, చేవ ఉన్న తాటివే. పైన జీడిపిక్కల తొక్క నూనె రెండు పూతలు, కోనసీమలోని మోరి ఊరి నుంచి తెప్పించాను. చెదకి ఇది బాగా అడ్డం. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది కాబట్టి రబ్బరు తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

మే 11

ఈ రెండు వారాలూ టెన్షన్ పెట్టాయి. 13న పోలింగ్ కావడంతో కూలీకి మనిషి దొరకలేదు. మే మొదటి వారంలో గాలివాన వచ్చేసరికి పడమటి వాలు సగం విప్పి ఉంది. ఏ బరకాన్ని తీసేశామో దాన్నే మళ్ళీ కప్పి తాళ్ళతో కట్టుకున్నాం. బియ్యం బస్తాలు పక్కింట్లో పెట్టాం.

ఇంకో పొరపాటు కూడా జరిగింది. చూరు దగ్గర సిమెంటు పగలగొట్టి, వాసానికీ వాసానికీ మధ్య అంగుళం ఎత్తున సందు తెరిచాం. రెండు వైపులా కలిపి 60 అడుగుల పొడవు, కర్ర మందం పోగా 4 చదరపు అడుగులకి పైనే. వెంటనే మెష్ కొట్టాల్సింది, వచ్చే వారం చూద్దామనుకున్నాను. వారం తిరిగేసరికి వంటింటి మూల ఉడత కొబ్బరి పీచుతో గూడు కట్టేసింది, అందులో కళ్ళు తెరవని పిల్లలు. ఆ ఒక్క సందూ అలాగే వదిలి మిగతావి మూసుకొచ్చాం. పిల్లలు వెళ్ళాకే అక్కడ కొడతాం.

మెష్ విషయంలో ఒక మాట. దోమల జాలీ వాడకండి. అది గాలి దారిని చాలా తినేస్తుంది, దుమ్ముతో త్వరగా పూడుతుంది. పావు అంగుళం కన్ను ఉన్న జీఐ (జింకు పూత ఇనుప) మెష్ చాలు. ఎలక దూరదు, గాలి ఆడుతుంది.

పైన రెండు చివరల త్రికోణపు గోడల్లో, కొప్పుకి అడుగు కింద, అడుగున్నరకి అడుగు సిమెంటు జాలీలు ఒక్కోటి పెట్టాం. జాలీలో సగం సిమెంటే కాబట్టి రెండూ కలిసి ఒకటిన్నర చదరపు అడుగులు. మిగతా ఖాళీ గాలి పెంకులతో వచ్చింది. మామూలు పెంకులాగే ఉండి మధ్యలో చిన్న గొడుగు లేచి ఉంటుంది, దాని కింద కన్నం. కొప్పుకి రెండో వరసలో ఎనిమిది వేయించాను.

మే 18, 19

పెంకు సెగ కిందకి దిగకుండా ఫాయిల్ వేశాం. ఈ పని తప్పుగా చేస్తే డబ్బు దండగ. మెరిసే వైపు కిందకి పెడితే అల్యూమినియం ఫాయిల్ పనిచేసేది వేడిని వెనక్కి తిప్పడం వల్ల కాదు, తన కింది ముఖం నుంచి వేడిని వెదజల్లకపోవడం వల్ల. అందుకు దాని ముందు ఖాళీ గాలి ఉండాలి. మెరిసే ముఖం పెంకుకి ఆనించి పరిస్తే అది ఉత్త రేకు, వేడి నేరుగా పాకిపోతుంది. పైగా మళ్ళీ బరకం కథే. మేం వాసాల అడుగున, మెరిసే వైపు కిందకి ఉండేలా కొట్టాం. పెంకుకీ ఫాయిల్‌కీ మధ్య నాలుగంగుళాలు. మెరుపు పైకి పెడితే దుమ్ము పేరుకుని పోనుపోను పనితనం తగ్గిపోతుంది. చూరు దగ్గర తెరిచి ఉంచి, కొప్పుకి రెండు వైపులా మూడేసి అంగుళాలు ముందే ఆపేశాం. గాలి చూరులో దూరి, ఆ సందులో వేడెక్కి, కొప్పు దగ్గర బయటపడుతుంది. ఎక్కడైనా చుక్క కారినా ఫాయిల్ మీద జారి చూరు బయటే పడుతుంది.

టెంపరేచర్ గన్‌తో ఫాయిల్ని నేరుగా కొలిస్తే తప్పుడు అంకె వస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని మీద కొలవండి.

మూడు వరసల పెంకులకి సున్నం కొట్టి చూశాను. ఎర్ర పెంకు పైముఖం 58 ఉంటే సున్నం కొట్టింది 49. బాగానే ఉంది కానీ ఏటా వానకి కొట్టుకుపోతుంది, ఏటా కప్పెక్కాలి. డాబాకైతే తప్పకుండా వేసుకోవాలి. పెంకు మీద మనుషుల్ని ఏడాదికోసారి తిప్పడం నాకు నచ్చలేదు.

మే 25

రోహిణి కార్తె మొదలు. రోళ్ళు పగిలే ఎండలు, నేను ఎదురుచూసిన పరీక్ష. బయట 41, అంటే ఏప్రిల్ కన్నా ఒక డిగ్రీ ఎక్కువ. అటకలో 44, సీలింగ్ అడుగు 38, గది 36.5. గది గాలిలో రెండు డిగ్రీలే తగ్గిందని తమ్ముడు నిరాశపడ్డాడు. నేను పడలేదు. మంచం మీద పడుకున్న మనిషికి తగిలేది గాలి ఒక్కటే కాదు, పైనుంచి దిగే సెగ కూడా. సీలింగ్ మూడున్నర తగ్గింది. రాత్రి పదింటికి బయట 32, అటకలో 33. ఈ ఒక్క డిగ్రీ తేడా చూసి నిచ్చెన మీదే కాసేపు కూర్చుండిపోయాను.

అమ్మమ్మ మంచం నడిమి గదిలోకి వచ్చింది. "గాలి తిరుగుతోందిరా," అని మాత్రం అంది.

ఏసీ పెట్టుకునేవాళ్ళకి ఈ పద్ధతిలో ఒక మార్పు ఉంది. అటక తెరిచే ఉంచాలి, సీలింగ్ మాత్రం అతుకుల దగ్గర గట్టిగా బిగించాలి. లేకపోతే చల్లగాలి జాలీల్లోంచి ఊరి మీదకి పోతుంది.

మొత్తం ఖర్చు 42 వేలకి కాస్త తక్కువ. ఫాయిల్ 900 చదరపు అడుగులు 11,700. తాతగారికి తొమ్మిది రోజులు 9,000, సహాయకుడికి 6,300. వాసాలు, రీపర్లు 6,700. పాత పెంకులు, గాలి పెంకులు 4,280. మెష్, జాలీలు, సున్నం, నూనె కలిపి 4,000. పీవీసీ సీలింగ్ తీయలేదు, ఆ డబ్బు ఇప్పుడు లేదు.

సెప్టెంబరు 7

బుడమేరు విజయవాడని ముంచిన ఆ వానలు మా వైపూ గట్టిగానే పడ్డాయి. ఆ రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఇవాళ వచ్చి అటక ఎక్కితే వాలుల్లో ఎక్కడా తడి లేదు. కొత్త వాసాలు పొడిగా ఉన్నాయి, మేకు దిగలేదు. కానీ ఒక చివర, కొప్పు కింద అటక చెక్క మీద అరచేతంత మరక. ఫాయిల్ ఆపేసిన మూడంగుళాల సందులోంచి సరిగ్గా అక్కడే చుక్క పడుతోంది. పైకెక్కి చూస్తే కొప్పు పెంకుల కింద పాత సిమెంటు మాలు వెంట్రుక వాసి బీటలు తీసి ఉంది. మేలో అది బాగానే ఉందని వదిలేసిన భాగం. కర్ర ఎండకి కదులుతుంది, ఉత్త సిమెంటు కదలదు, అందుకే పగిలింది. మేం కొత్తగా వేసిన వైపు సున్నం ఒక పాలు, సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్ళు కలిపాం, అక్కడ బీట లేదు.

ప్రస్తుతానికి ఆ చుక్క కింద ఒక రేకు డబ్బా పెట్టాను. కార్తీకంలో వానలు వెలిశాక ఆ పన్నెండడుగుల కొప్పు విప్పి ఇదే పాళ్ళతో మాలు కలిపి వేయాలి. తాతగారికి చెప్పాను, వస్తానన్నారు. ఉడత ఉన్న సందుకి మెష్ కొట్టేశాం, గూడు ఖాళీ అయింది. పీచు అలాగే ఉంచమంది అమ్మమ్మ, గిన్నెలు తోముకోవడానికి.