గండికోట పేరు, పొలిమేర, నేల

గండికోటకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది లోయ అంచున నిలబడి పెన్నను చూసి, మాధవరాయ ఆలయాన్నీ జుమ్మా మసీదునూ చుట్టి, సాయంత్రానికి జమ్మలమడుగు దారి పడతారు. కోట చరిత్రను రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఆ ఊరి పేరును, హద్దును, దాని కింది నేలను గురించి రాయాలని చాలాకాలంగా ఉంది.

ఏరు కొండను తెంచుకొని పారే చోటును గండి అంటారు. ఎర్రమల కొండలను పెన్న సుమారు 300 అడుగుల లోతున కోసుకొని పోయిన ఆ ఇరుకు మీద వెలసినందువల్ల ఇది గండికోట అయింది. ఇదే కడప జిల్లాలో, వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండల మధ్య నుంచి బయటపడే చోట మరొక గండి ఉంది. అక్కడ వెలసిన స్వామిని గండి ఆంజనేయస్వామి అంటారు. పెమ్మసాని నాయకులు ఏలినా, 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నా పేరు మారలేదు. నేల తీరును బట్టి పుట్టిన పేరు కాబట్టే నిలిచిందని నా నమ్మకం. ఆ తరువాత భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి గట్టి రాతిపొరకు గండికోట క్వార్ట్‌జైట్ అనీ, మన ఇళ్లలో పరుచుకునే నాపబండల సున్నపురాయికి నార్జి అనీ ఈ జిల్లా ఊళ్ల పేర్లే పెట్టారు.

కోటకు ఉత్తరాన, పడమట పెన్న లోయే అగడ్త. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కొండపైకి ఎక్కే దారి ఎంత ఇరుకో ప్రత్యేకంగా రాసుకున్నాడు. ఇలాంటి చోట హద్దు ఎక్కడో ఎవరూ అడగనక్కరలేదు. కొండ దిగి జమ్మలమడుగు వైపు నల్లరేగడిలోకి వస్తే మాత్రం జొన్న, శనగ, పత్తి పండే ఆ చదును నేలలో ఒక ఊరు ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో కంటికి ఆనదు. అందుకే పాత దానశాసనాలలో వంక, పుట్ట, చింతమాను, కుంట, పాతిన రాయి అంటూ దిక్కుదిక్కునా పొలిమేరను చెప్పుకొచ్చారు. కుంపిణీ సర్వే అధికారి మెకంజీ సేకరింపజేసిన కైఫియ్యత్తులలో, అంటే ఊరూరి వృత్తాంతాలలో కూడా ఊరు ఎలా పుట్టింది, ఆ పేరు ఎందుకు వచ్చింది అన్న సంగతులు కనిపిస్తాయి. వాటిని చదువుతుంటే, ఊరిని నడిచి తెలుసుకున్నవాళ్లు చెప్పిన మాటలని తెలిసిపోతుంది.

1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి వదిలిపెట్టాక, మన్రో కలెక్టరుగా ఉన్నప్పుడు పొలం పొలానా కొలత జరిగింది. క్రమంగా చేలన్నీ అంకెలలోకి వచ్చాయి. హద్దు తగాదాలు తీరడానికి ఆ అంకెలు అవసరమే, కాదనను. అయితే ఒక సర్వే నంబరును చూసి అది మెరకో పల్లమో, చౌడో రేగడో, వాన పడితే నీళ్లు ఏ వైపు పోతాయో చెప్పలేము. రైతులు పిలిచే చేను పేరులో అదంతా ఉంటుంది, ఆ పేరేమో ఊరి పొలాల లెక్క అయిన అడంగల్‌లో ఉండదు.

రెవెన్యూ లెక్కల్లో బేచిరాక్ గ్రామాలని ఉంటాయి. వాటిలో మనుషులు ఉండరు. పేరూ పొలిమేరా మాత్రం మిగులుతాయి. పాడుపడిన ఊరి దిబ్బ, అంటే పాటిదిబ్బ మీది మన్నును చుట్టుపక్కల రైతులు ఎరువుగా తోలుకుంటారు. ఇక గండికోట జలాశయంలో తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు మునిగినప్పుడు నేలే కనబడకుండా పోయింది. పునరావాస కాలనీకి ఊరిపేరును వెంట తీసుకుపోవచ్చు. వంక దగ్గరి చేను పేరును తీసుకుపోయి ఎక్కడ పెడతారు?

అందువల్ల మా వైపు పెద్దలను కలిసినప్పుడల్లా చేల పేర్లు అడిగి, తెలిసినచోట సర్వే నంబరు పక్కన రాసుకుంటున్నాను. ముంపు ఊళ్ల వాళ్లవి ముందుగా రాయాలి, ఎందుకంటే ఆ చేల మీద నడిచిన తరం ఇప్పటికే ముసలిదైపోయింది.