రెండోసారి పలకని మీట

మా బ్యాచ్‌లో నలుగురం కలిసి సొంతంగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాద్దామనుకున్నప్పుడు, అన్నిటికంటే ముందు చేసిన పని దానికి పేరు పెట్టడం. పేరుకే రెండు వారాలు పట్టింది. తర్వాత చిహ్నం గీశాం. ల్యాబ్ బోర్డు నిండా ఫైల్ సిస్టమ్, విండోలు, నెట్‌వర్క్, చదరంగం అని డబ్బాలు గీసి బాణాలతో కలిపాం. ల్యాబ్ చూసుకునే మాస్టారు వచ్చి, బోర్డంతా తీరిగ్గా చదివి, "బాగుంది. తెర మీద ఒక్క అక్షరం ఎలా వేస్తారు?" అని అడిగారు.

"ప్రింట్‌ఎఫ్‌తో సార్" అన్నాను, సి భాషలో తెర మీద రాయించే ఆదేశం అదేగా, ఇంత తేలిక ప్రశ్నా అనుకుంటూ.

"ఆ ప్రింట్‌ఎఫ్ ఎవరిని అడిగి వేస్తుంది?"

ఆపరేటింగ్ సిస్టమ్‌ను. అంటే మమ్మల్నే. నలుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. సి భాషలో మా సొంతం అనుకున్నవన్నీ అరువు సొమ్మని ఆ రోజు తెలిసింది.

పాతకాలపు పీసీలో మీట వేయగానే బయోస్, అంటే యంత్రంలోనే ఉండే తొలి ప్రోగ్రాం, లేచి, తన పరీక్షలు తాను చేసుకుని, డిస్కులోని మొదటి సెక్టారును మెమరీలో 31,744వ చిరునామాకు తెచ్చి పెట్టి పక్కకు తప్పుకుంటుంది. హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, అది 7సి00. సెక్టారు అంటే 512 బైట్లు. చివరి రెండు బైట్లు 55, ఎఎ అయి ఉండాలి. లేకపోతే మనల్ని లెక్కలోకే తీసుకోదు. మిగిలిన 510 బైట్లే మన రాజ్యం. అందులో బయోస్‌నే బతిమాలి ఒక అక్షరం వేయించాం. ఆ తర్వాత ప్రాసెసర్ ఎటో పోకుండా అంతులేని లూపులో తిప్పాం. అంతకుముందు పరీక్షల్లో అంతులేని లూపు రాసినందుకు మార్కులు పోగొట్టుకున్నవాడిని. అదే లూపు సరైన సమాధానం కావడం అదే మొదటిసారి.

ప్రాసెసర్‌ను పదహారు బిట్ల నుంచి ముప్ఫై రెండు బిట్లకు మార్చిన వారం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పట్టికలు నింపాం, తప్పులు చేశాం, మళ్లీ నింపాం. అవతలి ఒడ్డుకు చేరాక తెలిసింది, బయోస్ సాయం ఇక అందదని. ఇక అక్షరాన్ని నేరుగా వీడియో మెమరీలో, బి8000 దగ్గర రాయాలి. అడ్డంగా 80, నిలువుగా 25 గళ్లు. "హెల్లో" అన్న ఇంగ్లీషు మాటలోని అయిదు అక్షరాలనూ వరసగా రాశాం. తెర మీద హెచ్, ఎల్, ఓ మూడే వచ్చాయి. మొదటి రెండూ గోధుమరంగు నేల మీద. ఒక్కో గడికి రెండు బైట్లుంటాయి, మొదటిది అక్షరం, రెండోది రంగు. ఈ, రెండో ఎల్ తెర మీద అక్షరాలు కాలేక రంగులైపోయాయి. ఆ హెచ్చెల్లోను మాత్రం చాలా రోజులు అలాగే ఉంచుకున్నాం, ముచ్చటేసి.

అసలు కథ ఇంటరప్టులతో, అంటే పరికరాలు ప్రాసెసర్‌ను ఆపి కబురు చెప్పే సంకేతాలతో, మొదలైంది. వాటిని అనుమతించిన మరుక్షణం ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే నకిలీ కంప్యూటర్) కిటికీ మిణుకుమని మళ్లీ మొదటికి వచ్చేది. ఏ ఇంటరప్టుకు ఏ కోడు నడపాలో చెప్పే పట్టిక లేకపోవడం వల్ల ప్రాసెసర్‌కు ఒక తప్పు, దాన్ని చక్కదిద్దబోతే ఇంకో తప్పు, ఆపై మూడోది. మూడో తప్పుతో యంత్రం రీసెట్. పట్టిక రాసి పెట్టాక రీసెట్ పోయింది కానీ, "డబుల్ ఫాల్ట్" (తప్పు మీద తప్పు) అని మేమే రాసుకున్న సందేశం కనబడసాగింది. ఆ తప్పు ఎక్కడుందో వెతకడానికి పదకొండు రోజులు పోయాయి. తీరా చూస్తే అసలు తప్పే లేదు! అది గడియారం. ఇంటెల్ మొదటి 32 ఇంటరప్టు సంఖ్యలనూ తన ప్రాసెసర్ అవసరాలకు అట్టిపెట్టుకుంది. 1981 నాటి ఐబీఎం పీసీ ఆ సంగతి పట్టించుకోకుండా టైమరుకు 8వ సంఖ్య ఇచ్చేసింది. డబుల్ ఫాల్ట్ సంఖ్యా అదే. సెకనుకు 18 సార్లు గడియారం తలుపు తడుతుంటే మేం దొంగ దొంగ అని కేకలు పెట్టాం. ఇంటరప్టులను పంచే చిప్‌కు చెప్పి టైమరును 32కు మార్చాక ఇల్లు సద్దుమణిగింది.

ఇక కీబోర్డు. ఒక మీట నొక్కాం, 30 అని అంకె వచ్చింది. మాలో ఒకడు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. రెండోసారి నొక్కితే ఏమీ లేదు. మూలన టైమరు అంకెలు మాత్రం హాయిగా పెరుగుతూనే ఉన్నాయి. కీబోర్డు చెడిపోయిందని కుర్చీ ఎక్కినవాడే తీర్మానించి పక్క యంత్రం నుంచి ఇంకోటి పీకి తెచ్చాడు. అంతసేపూ ఆ చెడిపోయిన కీబోర్డుతోనే ప్రోగ్రాం దిద్దుతున్నామన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

మాస్టారు వచ్చి మా కోడు చూశారు. "వాడు కబురు తెచ్చాడు, మీరు విన్నారు. విన్నామని చెప్పారా?" అన్నారు. చెప్పలేదు. ప్రతి ఇంటరప్టు చివరా ఆ చిప్‌కు పని అయిందని కబురు పంపాలి. పంపేదాకా అది కీబోర్డు నుంచి రెండో కబురును లోపలికి రానివ్వదు. టైమరుది కీబోర్డు కంటే పై వరస, పైగా దాని కోడులో ఆ కబురు పంపే వాక్యం రాశాం, కాబట్టి అది ఆగలేదు. ఆ ఒక్క వాక్యం ఇక్కడా చేర్చాం. ఈసారి ఒక్క నొక్కుకు రెండు అంకెలు, 30, 158. నొక్కినందుకు ఒకటి, వదిలినందుకు 128 కలిపి ఇంకొకటి. మీట వదలడం కూడా ఒక వార్తే అని అప్పటిదాకా ఎవరం అనుకోలేదు.

ఇప్పుడు మొదలుపెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు బూట్ సెక్టారు (డిస్కులోని ఆ మొదటి సెక్టారు) తామే రాయాలన్న పంతం పట్టనక్కర్లేదు. గ్రబ్ లాంటి బూట్‌లోడరుకు ఆ పని అప్పగించి నేరుగా కెర్నెల్‌కు, అంటే వ్యవస్థ గుండెకాయకు, రావచ్చు. మీ యంత్రానికి కాక మీ వ్యవస్థకే కోడు తయారుచేసే క్రాస్ కంపైలర్‌ను మాత్రం మొదటి రోజే కట్టుకోండి. మీ యంత్రానికి రాసే కంపైలర్, మీరు కట్టబోయే వ్యవస్థలో లేనివి ఉన్నాయనుకుని రాస్తుంది. క్యూఎము అనే ఎమ్యులేటర్ ఉంటే నిజమైన యంత్రం అక్కర్లేదు. లినక్స్‌ను 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ ప్రకటించినప్పుడు అది సరదా పని మాత్రమేనన్నాడు. ఆ మాట మా ల్యాబ్ గోడకు అంటించుకున్నాం. మా సరదా మాత్రం సరదాగానే ఉండిపోయింది. చదరంగం దాకా వెళ్లలేదు, ఫైల్ సిస్టమ్ దాకా కూడా వెళ్లలేదు.

ఈ వ్యాసం కోసం పాత డిస్కు ఇమేజ్ వెతికి క్యూఎములో నడిపాను. లేచింది. మేం పెట్టిన పేరు, కింద మెరిసే కర్సరు, మూలన అంకెలు. నా పేరు టైపు చేస్తూ ఒక అక్షరం తప్పు కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కాను. చెరగలేదు. ఆ పని కుర్చీ ఎక్కినవాడు చేస్తానని పంచుకున్నది. మా బ్యాచ్ కలయికకు వస్తానని కబురు పెట్టాడు, అడుగుతాను.