ఏఎల్‌పీ పార్ట్ బీ, ఫిట్టర్ ట్రేడ్: థ్రెడ్స్ నాకు ఎక్కడ అర్థమైనయంటే

రైల్వే ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్) ఫైనల్ లిస్టులో నా నంబర్ వచ్చిందని తెలిసినప్పటి నుంచి ఫోన్ ఆగుతలేదు. కాజీపేట, జనగామ, పరకాల తమ్ముళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఏ బుక్కు చదివినవ్? ఏ కోచింగ్?" మ్యాథ్స్, రీజనింగ్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. హన్మకొండ నయీంనగర్‌లో ఏ సందులోకి పోయినా చెప్పేటోళ్లు ఉన్నరు. పాత పేపర్లు టైమ్ పెట్టుకుని చేసిన. సీబ్యాట్ (కంప్యూటర్ మీద పెట్టే ఆప్టిట్యూడ్ పరీక్ష) మాక్‌లు కాగితం మీద కాకుండా సిస్టం మీద చేసిన. ఏ-1 మెడికల్‌కు (రైల్వే వైద్య పరీక్ష) కళ్లద్దాలు లేకుండా చూపు కావాలె కాబట్టి అప్లై చేయకముందే కంటి డాక్టర్‌కు చూపించుకున్న. మీరూ చూపించుకోండి. ఇక నేను రాయాలనుకున్నది రెండో దశ పరీక్షలో ట్రేడ్ ప్రశ్నలుండే పార్ట్ బీ గురించి, అందులోనూ ఒక్క టాపిక్ గురించి: థ్రెడ్స్, అంటే బోల్టుకూ నట్టుకూ ఉండే మరలు.

పార్ట్ బీ అంటే మనోళ్లకు చులకన. 75 ప్రశ్నలు, 60 నిమిషాలు, 35 శాతం వస్తే చాలు, మెరిట్‌లో కలవదు. "గా దానికి గంత టైమ్ ఎందుకుర?" అని రూమ్‌లో నన్ను ఆటపట్టించినోళ్లే ఎక్కువ. కానీ ఆ 35 శాతం అన్ని కేటగిరీలకూ ఒకటే, ఎవరికీ సడలింపు లేదు. అది దాటకపోతే పార్ట్ ఏలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నా బయటే. పైగా తప్పు సమాధానానికి మూడో వంతు కోత. అందుకే పొద్దున రూమ్‌లో చదివి, మధ్యాహ్నం లేత్ షెడ్డుకు పనికి పోయేటోణ్ని. ఖర్చులకు నాలుగు పైసలొచ్చేటివి, ట్రేడ్ కూడా చేతిలో ఉండేది. టైమ్ వేస్ట్ అన్నోళ్లకు ఇప్పుడు నేను వేరే జవాబు చెప్పాల్సిన పని లేదు.

థ్రెడ్ కోణాలు చెప్తే, మెట్రిక్ 60 డిగ్రీలు, బీఎస్‌డబ్ల్యూ (బ్రిటిష్ స్టాండర్డ్ విట్‌వర్త్, ఇంచుల థ్రెడ్) 55, బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) 47½, ఆక్మే 29. ఇవి ఐటీఐలో అందరం ఎక్కాల లెక్క బట్టీ పట్టినయే. డైరెక్టుగా అడిగితే ఈ బట్టీ సరిపోతది. కొంచెం తిప్పి అడిగితే ఆప్షన్లు నాలుగూ కరెక్టే అనిపిస్తయి. నాకు ఆ గందరగోళం షెడ్డులోనే పోయింది.

మా ఉస్తాద్ ఒక పాత ఇంగ్లండ్ లేత్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నడు. దాని బెడ్ వెనక కూలెంట్ పంపు బిగించాలె. అక్కడ నాలుగు థ్రెడ్ హోల్స్ ముందే ఉన్నయి. వెర్నియర్ లోపలి దవడలు పెట్టి చూస్తే 10.3 మిల్లీమీటర్లు. ఎం 12 (12 మి.మీ. మెట్రిక్ థ్రెడ్) అని అందరం అనుకున్నం, ఎందుకంటే ఎం 12 నట్టు లోపలి వ్యాసం కూడా దాదాపు అంతే. ఎం 12 బోల్టు పెడితే రెండు చుట్లు ఊగుకుంట పోయింది, మూడో చుట్టుకు బిగిసింది. పక్కనున్న పిల్లగాడు పానా అందుకున్నడు.

"ఆగుర భై, జోర్ పెట్టకు! అది కాస్ట్ ఐరన్, థ్రెడ్ రాలిపోతది" అన్నడు ఉస్తాద్.

పిచ్ అంటే ఒక మర నుంచి పక్క మరకు దూరం. దాన్ని చూసే పిచ్ గేజ్ ఆకు అంత చిన్న హోల్‌లోకి దూరదు. ఉస్తాద్ ఏం చేసిండంటే, కిరసనాయిల్‌తో హోల్ శుభ్రంగా కడిగి, బయట చెట్టుకున్న వేప పుల్ల ఒకటి విరిచి, తొక్క తీసి, దాన్ని లోపలి గోడకు ఆనించి వెనక నుంచి స్క్రూడ్రైవర్‌తో గట్టిగ నొక్కిండు. బయటికి తీస్తే పచ్చి పుల్ల మీద గాట్లు వరుసగా పడ్డయి. "కొలువు" అని నా చేతికిచ్చిండు. ఒక గాటు నుంచి ఆరు సందులు దాటి ఏడో గాటు దాకా వెర్నియర్ పెడితే 12.7.

ఎం 12 పిచ్ 1.75, అంటే ఆరు పిచ్‌లకు 10.5 రావాలె. 12.7 అంటే సరిగ్గా అర అంగుళం. అర అంగుళానికి ఆరు, అంగుళానికి పన్నెండు. అంటే 12 టీపీఐ (అంగుళానికి ఎన్ని మరలు అనే లెక్క), అర అంగుళం బీఎస్‌డబ్ల్యూ. అదే అమెరికన్ యూఎన్‌సీ అయితే 13 టీపీఐ, ఆరు పిచ్‌లకు 11.7 దగ్గర వచ్చేది. ఉస్తాద్ డబ్బాలోంచి నాలుగు సూత్‌ల (అర అంగుళం) బోల్టు తీసి పెట్టిండు. చివరిదాకా వేళ్లతోనే దిగింది.

ఆ రోజు నుంచి నేను వ్యాసం చూసి థ్రెడ్ పేరు చెప్పుడు బంద్ చేసిన. ఎందుకో లెక్కల్లోనే చూడండి. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ., ఎం 8కు తేడా 0.06 మి.మీ. మాత్రమే. అరిగిన బోల్టు మీద అది తెలువనే తెలువది. పిచ్ చూస్తే మాత్రం 18 టీపీఐకి 1.41, ఎం 8కు 1.25. 5/8 అంగుళం 15.875, ఎం 16కు చాలా దగ్గర, కానీ పిచ్ 2.31 ఎక్కడ, 2 ఎక్కడ! అన్నిట్లో మోసం చేసేది 3/8, ఎం 10 జత. పిచ్ 1.5875, 1.5. ఎం 10 హోల్‌లో 3/8 బోల్టు కొంచెం లూజుగా చాలా చుట్లే పోతది, పట్టినట్టే ఉంటది, లోడ్ పడ్డంక ఊడొస్తది. అందుకే ఒక పిచ్ కొలవద్దు, ఆరో పదో కలిపి కొలవాలె. 25.4ను టీపీఐతో భాగిస్తే పిచ్, అదొక్కటే గుర్తుంటే టేబుల్ సగం బట్టీ పట్టే పని తప్పుతది.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. పావు అంగుళం నుంచి అంగుళం దాకా మామూలుగా వాడే సైజుల్లో బీఎస్‌డబ్ల్యూకూ యూఎన్‌సీకీ టీపీఐ ఒకటే: 20, 18, 16, 14... అర అంగుళం దగ్గర మాత్రమే 12, 13 అని విడిపోతయి. మిగతా చోట్ల రెంటినీ విడదీసేది కోణమే, 55, 60. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో ఉంటే మెట్రిక్, గీతలుంటే అమెరికన్ అని కొందరు చెప్తరు. నిజమే, కానీ అది బోల్టు సంగతి. హోల్‌ను ఇదివరకే ఎవరో వేరే ట్యాప్‌తో (లోపలి మరలు కోసే పనిముట్టు) కొట్టి ఉంటే తలను నమ్మి ఏం లాభం?

ఇదంతా 35 శాతం కోసం అవసరమా అంటారేమో. నాకు పార్ట్ బీలో ఆలోచించుకునే టైమ్ మిగిలింది, గంట పూర్తిగ వాడాల్సిన పనే పడలేదు. రీల్స్ చూసే టైమ్‌లో సగం షెడ్డులో నిలబడితే చాలు తమ్ముడూ, చేతికి గ్రీజు అంటితే ఏం పోదు. ఐటీఐ సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని పిచ్ గేజ్ ఒక్కసారి పట్టనోళ్లను చూస్తే నాకు కోపమొస్తది, సరే వదిలేయండి.

ఈ టాపిక్‌లో మిగిలింది చేంజ్ గేర్ (కోయాల్సిన పిచ్‌ను బట్టి లేత్‌కు మార్చే గేర్లు) లెక్క. ఇంచుల లీడ్ స్క్రూ (లేత్‌లో కోసే పనిముట్టును నడిపే పొడవాటి మర) మీద మెట్రిక్ థ్రెడ్ కోయాలంటే 127 పళ్ల గేర్ కావాలె, ఎందుకంటే 25.4ను అయిదుతో గుణిస్తేనే 127 అనే పూర్తి సంఖ్య వస్తది. డ్రైవర్ (తిప్పే గేర్) బై డ్రివెన్ (తిరిగే గేర్) అంటే కోయాల్సిన పిచ్ బై లీడ్ స్క్రూ పిచ్. 4 టీపీఐ లీడ్ స్క్రూ మీద 1.5 పిచ్ కోయాలంటే 30/127. ఇప్పుడు 6 టీపీఐ లీడ్ స్క్రూ, 2 మి.మీ. పిచ్ మీరు చేయండి. 60/127 రావాలె. 127/60 వస్తే డ్రైవర్‌నూ డ్రివెన్‌నూ తారుమారు చేసినట్టే, ఆప్షన్లలో అది కూడా ఉంటది.