నన్ను ముంచిన మేయర్ బిట్లు

గ్రూప్-2కి చదివే రోజుల్లో పాలిటీ అంటే నాకు భయం ఉండేది కాదు. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరికితే చాలు, రాత్రి దాకా ఆర్టికల్ నంబర్లే. రాజ్యాంగంలో మున్సిపాలిటీల గురించిన 243పి నుంచి 243జెడ్‌జీ వరకు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. అయినా ఒక మాక్ టెస్టులో పట్టణ స్థానిక సంస్థల మీద వచ్చిన ఐదు బిట్లలో మూడు పోయాయి.

మొదటిది: "మేయర్‌ను సభ్యులు తమలో నుంచే ఎన్నుకోవాలని రాజ్యాంగం చెబుతోంది." కరెక్ట్ అని పెట్టాను. నేను కొన్న మెటీరియల్‌లో కూడా అలాగే ఉంది మరి. తీరా 243ఆర్ తెరిస్తే, చైర్‌పర్సన్‌ను ఎలా ఎన్నుకోవాలో రాష్ట్రం చట్టం చేసుకోవచ్చని ఉంది, అంతే. దీన్ని పంచాయతీల గురించిన 243సీ పక్కన పెట్టుకుని చదవండి. మండల, జిల్లా పరిషత్ అధ్యక్షుల్ని సభ్యులే ఎన్నుకోవాలని అక్కడ రాజ్యాంగమే తేల్చేసింది. సర్పంచ్ సంగతి రాష్ట్రానికి వదిలింది. మేయర్‌ది సర్పంచ్ దారి, జెడ్పీ చైర్మన్ దారి కాదు.

అందుకే మన హైదరాబాద్ రెండు పద్ధతులూ చూసింది. 2002లో తీగల కృష్ణారెడ్డిని ఓటర్లే నేరుగా మేయర్‌ను చేశారు. 2021 ఫిబ్రవరి 11న గద్వాల విజయలక్ష్మిని కౌన్సిల్ హాల్లో చేతులెత్తి ఎన్నుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లో ఇప్పటికీ ఓటర్లే ఎన్నుకుంటారు. ఢిల్లీ మేయర్ పదవీకాలం ఏడాదే.

రెండో బిట్ ఎక్స్‌అఫీషియో సభ్యుల, అంటే వేరే పదవి వల్ల కౌన్సిల్‌లో సభ్యులయ్యే ఎమ్మెల్యేలు, ఎంపీల వంటివాళ్ల ఓటు గురించి. వాళ్లకు ఓటు ఉండదని పెట్టి వచ్చాను. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికలు గుర్తున్నా ఈ తప్పు చేసేవాణ్ని కాదు. 150 వార్డుల్లో టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, ఎంఐఎంకు 44 వచ్చాయి. మేయర్ ఎన్నికలో ఎంఐఎం మద్దతుతో పాటు ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీల ఓట్లూ లెక్కలోకి వచ్చాయి. 243ఆర్‌లో ఓటు లేనిది ప్రత్యేక పరిజ్ఞానం ఉందని నామినేట్ చేసినవాళ్లకే. ఢిల్లీ మేయర్ ఎన్నిక మూడుసార్లు ఆగిపోయింది కూడా ఈ నామినేటెడ్ సభ్యుల గొడవతోనే. వాళ్లు ఓటు వేయకూడదని 2023 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మరుసటి ఏడాది చండీగఢ్ మేయర్ ఎన్నికలో ఇంకో విడ్డూరం. అక్కడ 35 మంది కౌన్సిలర్లు, ఒక ఎంపీ, మొత్తం 36 ఓట్లు. ప్రిసైడింగ్ అధికారి 8 బ్యాలెట్లను చెల్లవన్నాడు. వాటి మీద గీతలు పెట్టింది ఆయనేనని తేలాక, సుప్రీంకోర్టు ఆర్టికల్ 142 కింద, అంటే పూర్తి న్యాయం కోసం తనకున్న ప్రత్యేక అధికారంతో, ఆప్ అభ్యర్థి కుల్దీప్ కుమార్‌ను మేయర్‌గా ప్రకటించింది. 142కి ఉదాహరణ అడిగితే నేను ఇదే రాస్తాను, ఎందుకంటే మర్చిపోవడం కష్టం.

మూడోది వార్డుల పునర్విభజన, అంటే హద్దులు మళ్లీ గీయడం, ఎవరి పని అని. డీలిమిటేషన్ కమిషన్ అనగానే కళ్లు మూసుకుని టిక్ పెట్టేశాను. ఆ కమిషన్ పని లోక్‌సభ, అసెంబ్లీ స్థానాల వరకే. మన మున్సిపల్ వార్డుల హద్దులు గీసేది రాష్ట్ర ప్రభుత్వం, రాష్ట్ర చట్టం ప్రకారం. ఎన్నిక నిర్వహణ మాత్రం రాష్ట్ర ఎన్నికల సంఘానిది, 243జెడ్‌ఏ. అలాంటి పునర్విభజన చట్టం చెల్లుతుందా అని కోర్టులో ప్రశ్నించకూడదని 243జెడ్‌జీ. అధికారంలో ఉన్నవాళ్లే గీతలు గీయడం నాకైతే నచ్చదు, అది వేరే సంగతి. మెయిన్స్ వ్యాసంలో పనికొస్తుంది.

ఆ రోజు సాయంత్రం టీ తాగి వచ్చి, ఒక తెల్ల కాగితం మీద మూడు గడులు గీశాను: రాజ్యాంగమే తేల్చినవి, రాష్ట్రానికి వదిలినవి, ఎన్నికల సంఘం చేసేవి. ఐదేళ్ల పదవీకాలం, మహిళలకు మూడో వంతుకు తగ్గని సీట్లు మొదటి గడిలోకి వెళ్లాయి. మేయర్ ఎన్నిక, వార్డుల హద్దులు రెండో దాంట్లో. ఆర్టికల్ నంబర్లు ఆ తర్వాతే రాశాను.

తర్వాతి మాక్‌లో ఈ మూడూ కరెక్టే. ఈసారి 243ఎస్ దగ్గర, వార్డు కమిటీలకు 3 లక్షల జనాభా అనాల్సింది పోయి 5 లక్షలు పెట్టి వచ్చాను.